చెయ్యి పెట్టకు తాతా!

పొద్దున ఎనిమిదిన్నర. నారాయణఖేడ్‌లో ఓ పశువుల దవాఖానా. వేపచెట్టు కింద ఓ పాలబర్రె, రెండు మేకలు. వాటికి కాస్త ఎడంగా తలకు తువ్వాలు చుట్టుకున్న ఓ తాత, ఆయన పక్కన పదేళ్ల మనవడు. వాళ్ల కాళ్ల దగ్గర గోధుమరంగు ఊరకుక్క. పేరు రాజు. మెడ ముందుకు చాచి ‘ఖొంగ్... ఖొంగ్...’ అని దగ్గుతోంది. దగ్గి దగ్గి, చివర్లో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుంజుకుని కాస్త తెల్లటి నురగ కక్కుతోంది.

‘‘గొంతుల బొక్క ఇరికింది డాక్టరమ్మా. మొన్న రాత్రి సంది గిట్లనే చేస్తుంది. జర ఎవరన్న నోరు పట్టుకుంటే నేనే చెయ్యి పెట్టి తీస్త’’ అంటూ తాత అప్పటికే కుడిచేతి చొక్కా పైకి మడుస్తున్నాడు.

‘‘చెయ్యి పెట్టకు తాతా!’’

డాక్టరమ్మ గట్టిగానే అరిచింది. నెమరేస్తున్న బర్రె కూడా తలతిప్పి చూసింది. తాత చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఎందుకంత గట్టిగా అరిచిందో తాతకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. కుక్కకు నిజంగా బొక్క ఇరుక్కున్నా, మామూలు దగ్గొచ్చినా, పిచ్చిలేచే జబ్బు... అదే రేబిస్ సోకినా, దూరం నుంచి చూసేవాళ్లకు ఒక్కలాగే కనిపించొచ్చు. రేబిస్ అంటే కరవడానికి మీదికి దూకే కుక్కే మనకు గుర్తొస్తుంది. కానీ ఆ జబ్బుకి మరో ముఖం ఉంది. కుక్క నిశ్శబ్దంగా ఓ మూలన పడుంటుంది. గొంతు కండరాలు చచ్చుబడి మింగలేదు. కింది దవడ వేలాడుతుంది. చొంగ కారుతుంది. మొరుగు మారిపోతుంది. ‘పాపం, గొంతులో ఏదో అడ్డం పడింది’ అని ప్రేమ కొద్దీ చెయ్యిపెడితే... ఆ చొంగే చాలు, వేలి మీది చిన్న గీతలోంచి లోపలికి వెళ్లడానికి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం.

అందుకే డాక్టరమ్మ మొదట రాజును ముట్టుకోలేదు. స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని, రెండు బారల దూరంలో కుర్చీ వేసుకు కూర్చుంది. చూస్తూ ఉండిపోయింది. అంతే!

‘‘ఏంది తాతా, చూస్తనే ఉన్నది... మందియ్యదా?’’ మనవడు గుసగుసగా అడిగాడు.

ఆ చూడటమే సగం వైద్యమని వాడికి తెలీదు. చాలామంది పెద్దవాళ్లకూ తెలీదు.

చూపే తొలి పరీక్ష

‘ఎక్కడ నొప్పి?’ అంటే కుక్క చెప్పదు. ‘ఆయాసం ఎప్పట్నుంచి?’ అంటే పిల్లి పలకదు. పైగా బల్ల మీదికెక్కించి నలుగురూ పట్టుకుంటే భయంతోనే వాటి ఊపిరి వేగం రెట్టింపవుతుంది. అప్పుడు లెక్కపెట్టి లాభమేంటి? అందుకే ఊపిరి జబ్బుల్ని పరీక్షించే పశువైద్యులు మొదట దూరం నుంచే చూస్తారు. నిలబడిందా, పడుకుందా? మెడ చాచిందా? మోచేతుల్లాంటి ముంగాళ్ల కీళ్లను ఛాతీకి దూరంగా పెట్టుకుందా? పడుకోబోయి మళ్లీ లేచి కూర్చుంటోందా? ఊపిరాడని జంతువు పడుకోదు. పడుకుంటే ఛాతీ మీద బరువు పడుతుంది కాబట్టి కూర్చునే కునుకుతుంది. అలాంటిదాన్ని బలవంతంగా పక్కకి తిప్పి పడుకోబెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

రాజు అలా లేడు. దగ్గు ఆగగానే తోక ఊపుతున్నాడు. మేకల వైపు చూసి చెవులు నిక్కబొడుస్తున్నాడు. డాక్టరమ్మ ఓ గిన్నెలో నీళ్లు పోసి దూరంగా తోయించింది. గటగటా తాగేశాడు. నోరు మూసుకునే ఉంది. దవడ వేలాడటంలేదు. చొంగ లేదు. మొరుగు మారలేదు.

‘‘సూది ఏపిచ్చినవా తాతా?’’

మనవడు నిక్కరు జేబులోంచి నలిగిన కార్డు తీశాడు. ఏటా జులై 6న పశువుల దవాఖానాల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్, కుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి తొలిసారి రేబిస్ టీకా మొదలుపెట్టాడు. ఆ జ్ఞాపకంగానే ప్రపంచమంతా జులై 6ను జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా పాటిస్తోంది. రాజు కార్డులో ఆ తారీఖే ఉంది, గడువూ దాటలేదు. కార్డు చూశాక డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుంది. అప్పుడు లేచింది కుర్చీలోంచి.

మెడ కింద గాలిగొట్టాన్ని రెండు వేళ్లతో మెల్లగా ఒత్తింది. వెంటనే ‘ఖొంగ్... ఖొంగ్...’ ఆమె నవ్వింది. ‘‘బొక్క లేదు గిక్క లేదు తాతా. ఇది అంటుడు దగ్గు. మొన్న ఎక్కడికన్న తోల్కపోయినవా?’’

‘‘జాతరకు పోయినం. ఆడ మస్తు కుక్కలున్నయ్’’ మనవడు అందుకున్నాడు.

కుక్కలు నాలుగు చేరినచోట ఒకదాన్నుంచి ఒకదానికి తుంపర్ల ద్వారా పాకే దగ్గు ఇది. ఆంగ్లంలో కెన్నెల్ కాఫ్ అంటారు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, కొన్ని వైరస్‌లు కలిసి గాలిగొట్టం లోపలి పొరను ఒరిపిస్తాయి. ఆ పొర ఎంత సున్నితంగా ఉంటుందంటే మెడకు కట్టిన తాడు కాస్త గుంజినా చాలు, దగ్గు తెర ముంచుకొస్తుంది. చూడ్డానికి అచ్చం ఎముక అడ్డం పడినట్టే ఉంటుంది. కుక్క మాత్రం తింటుంది, తాగుతుంది, ఆడుతుంది. చాలావాటికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. నిజంగా ఎముక ఇరుక్కుంటే అది తింటూ తింటూ ఉన్నట్టుండి మొదలవుతుంది. ముంగాళ్లతో మూతిని గీరుకుంటుంది, నీళ్లూ మింగలేదు. రాత్రి మొదలై రెండ్రోజులుగా సాగుతూ, మధ్యలో తోక ఊపే దగ్గు వేరు.

నిమిషానికి ఎన్ని?

డాక్టరమ్మ మనవణ్ని దగ్గరికి పిలిచింది. ‘‘నీకు లెక్కలు వస్తయా?’’

వాడు తలూపాడు.

‘‘రాజు ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించు.’’

వినడానికి ఇంత చిన్న విషయమే. కానీ ఇంట్లోవాళ్లు చేయగలిగిన పరీక్షల్లో ఇంతకన్నా విలువైనది లేదంటే అతిశయోక్తి కాదు. మంచి నిద్రలో ఉన్న కుక్కైనా, పిల్లైనా నిమిషానికి ముప్పైసార్లకు మించి ఊపిరి తీసుకోకూడదు. చాలావరకూ పదిహేనుకూ పాతికకూ మధ్యలోనే ఉంటుంది. రోజూ ఇరవై ఉండేది ముప్పై అయిదుకో నలభైకో చేరి అక్కడే ఉంటోందంటే దగ్గు లేకపోయినా, తిండి మానకపోయినా డాక్టరుకి చూపించాల్సిందే. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగడం మొదలైనప్పుడు చాలా సందర్భాల్లో ముందుగా మారేది ఈ అంకే!

నిద్రలోనే ఎందుకంటారా? మెలకువలో ఉన్న కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతుంది. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఏదో పాదాల అడుగున కాస్త. ఒంట్లో వేడిని నోటి తడి ద్వారానే బయటకి పంపాలి. మన మే నెల ఎండల్లో ఆ రొప్పు నిమిషానికి రెండొందలు దాటినా ఆశ్చర్యం లేదు. అది జబ్బు కాదు, దాని ఏసీ! నీడకు చేరి, నీళ్లు తాగాక కూడా రొప్పు తగ్గకపోతే, కాళ్లు తడబడితే, చిగుళ్లు ఎర్రగా కందిపోతే మాత్రం అది వడదెబ్బ. ఒంటిమీద నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చూస్తూ ఆస్పత్రికి పరుగెత్తాలి.

పిల్లి సంగతి అలా కాదు. నోరు తెరిచి రొప్పడం దాని అలవాటు కాదు. పిల్లి నోటితో ఊపిరి తీస్తోందంటే... ఆ మాట పూర్తయ్యేలోపు బయల్దేరాలి.

ఆ మాటే ఆ ఉదయం ఇంకాసేపట్లో నిజమైంది. అంతకు ముందు మరొకరి వంతు వచ్చింది.

చప్పుడు ఎక్కణ్నుంచి?

మోటార్ సైకిల్ మీద ఓ కుర్రాడొచ్చాడు. ముందు ట్యాంకు మీద ఓ పగ్ పిల్ల. అణిగిన ముక్కు, ముడతల మొహం, గుడ్లగూబ కళ్లు. 2003లో టీవీలో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక ఈ జాతి మనదేశంలో ఇంటింటి ముద్దుబిడ్డ అయిపోయింది. పట్నంలో మొదలైన మోజు పల్లెకూ పాకింది.

‘‘నిద్రల మస్తు గురక పెడ్తది మేడమ్. మేమంతా వీడియో తీసి నవ్వుకుంటం. నిన్న ఎండల ఆడితే మాత్రం కింద పడిపోయింది’’ అన్నాడతను.

డాక్టరమ్మ స్టెతస్కోపును ఛాతీ మీద కాదు, ముందు గొంతు మీద పెట్టింది. తర్వాత ఛాతీ మీద. మళ్లీ గొంతు మీద. ఎందుకలా? ముక్కులో, గొంతులో పుట్టిన చప్పుడు ఛాతీ దాకా పాకి, అక్కడ పుట్టినట్టే వినిపించి మోసం చేస్తుంది. రెండుచోట్లా విని ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే దాని పుట్టిల్లు అని తేల్చుకోవాలి.

ఊపిరి జబ్బుల పరీక్షలో అసలు కిటుకు ఇదే. చప్పుడు లోపలికి పీల్చేటప్పుడా, బయటికి వదిలేటప్పుడా? పీల్చేటప్పుడు కష్టపడుతూ, దూరానికి వినిపించేంత చప్పుడొస్తే అడ్డంకి పైనే ఉంది... ముక్కులోనో, గొంతులోనో. గురకలాంటి మొద్దు చప్పుడైతే ముక్కు, అంగిలి వైపు. ఈలలాంటి సన్నటి కూత అయితే స్వరపేటిక వైపు. వదిలేటప్పుడు పొట్ట కండరాలతో తోస్తుంటే ఊపిరితిత్తుల లోపలి సన్నని గొట్టాలు మూసుకుపోతున్నాయని అనుమానించాలి. పిల్లుల ఆస్తమా ఇలాగే ఉంటుంది. చప్పుడే లేకుండా వేగంగా, పైపైన ఊపిరి తీస్తుంటే జబ్బు ఊపిరితిత్తుల్లోనో, వాటి చుట్టూ ఉన్న ఖాళీలోనో. అక్కడ నీరు చేరితే ఛాతీ కింది భాగంలో శ్వాస వినిపించదు. గాలి చేరితే పైభాగంలో వినిపించదు. నీరు కిందికి, గాలి పైకి... చిన్నప్పటి సైన్సు పాఠమే!

పగ్ పిల్ల ముక్కుపుటాలు గీతల్లా ఉన్నాయి. రాగిపైసా అంత వెడల్పు ఉండాల్సిన దారి దారప్పోగంత ఉంటే గాలెలా ఆడుతుంది? డాక్టరమ్మ డబ్బాలోంచి కాస్త దూది తీసి, పింజను ముక్కుపుటం ముందు పట్టింది. కుడివైపు పింజ కాస్త కదిలింది. ఎడమవైపు కదల్లేదు.

‘‘ఇది గురక కాదు తమ్మీ, ఊపిరాడక పడే కష్టం. పొద్దున చల్లగున్నప్పుడే తిప్పు. మెడకు పట్టీ తీసేసి ఛాతీకి వేసే పట్టీ కొను. లావెక్కనియ్యకు. ముక్కుపుటాలు వెడల్పు చేసే ఆపరేషన్ ఉంటది. పెద్దాస్పత్రిల చూపియ్యి’’ అంది. కుర్రాడు సెల్‌ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. అందులో గురక వీడియోలు ఎన్నున్నాయో!

ఈ దూదిపింజ పరీక్ష పత్తి పండే ఊళ్లో ఎవరైనా చేసుకోవచ్చు. చేలగట్ల మీద తిరిగే కుక్క ఉన్నట్టుండి ఆపకుండా తుమ్ముతూ, ఒక్క ముక్కుపుటం నుంచే చీము, నెత్తురు కారుస్తుంటే ఏ గడ్డి ముల్లో, కంకి నూగో లోపలికి దూరిందేమో చూడాలి. రెండువైపులా కారితే అంటువ్యాధి కావచ్చు. టీకా వేయని కుక్కపిల్లకి కళ్లలో పుసులు, ముక్కునుంచి చీమిడి, దగ్గు, జ్వరం కలిసి వస్తే డిస్టెంపర్‌ను అనుమానించాలి. మొదట జలుబులా వచ్చి, చివరికి ఫిట్స్ దాకా తీసుకెళ్లే జబ్బు అది. మందుకన్నా ముందే టీకా వేయించడం ఒక్కటే దానికి దారి.

పీపా కొట్టిన చెయ్యి

యంత్రాల్లేకుండా ఇంత తెలుసుకునే విద్య మనిషికి ఎలా అబ్బింది? ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో ఓ సత్రం యజమాని ఉండేవాడు. పీపాను వేళ్లతో కొట్టి, చప్పుడును బట్టి లోపల ద్రవం ఎంతుందో చెప్పే అలవాటు సత్రాలవాళ్లది. ఆయన కొడుకు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ పెద్దయ్యాక డాక్టరయ్యాడు. రోగి ఛాతీని కూడా వేళ్లతో అలాగే తట్టి, లోపల నీరుందో గాలుందో చెప్పొచ్చని 1761లో ఓ పుస్తకం రాశాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1816లో పారిస్‌లో రెనే లెనెక్ అనే వైద్యుడు ఓ యువతి ఛాతీకి చెవి ఆనించి వినడానికి మొహమాటపడి, కాగితాల్ని గొట్టంలా చుట్టి విన్నాడు. నేరుగా విన్నదానికన్నా బాగా వినిపించింది. అదే స్టెతస్కోపుకి నాంది.

తమాషా ఏంటంటే, ఆవెన్‌బ్రుగ్గర్ పుస్తకం రాసిన 1761లోనే ఫ్రాన్స్‌లోని లియాన్‌లో క్లాడ్ బూర్జెలా ప్రపంచంలోనే తొలి పశువైద్య కళాశాల స్థాపించాడు. మన హైదరాబాద్ సంస్థానంలో పశువైద్య కళాశాల 1946లో మొదలైంది. ఇప్పుడు రాజేంద్రనగర్‌లో ఉన్నది అదే. ఎక్స్‌రేలు, స్కానింగులు వచ్చాయి. రక్తపరీక్షలు గంటలో తేలుతున్నాయి. అయినా నేటికీ కళ్లు, చెవులు, వేళ్లు... వీటి తర్వాతే అవన్నీ. ఎందుకంటే ఊపిరాడని పిల్లిని ఎక్స్‌రే బల్ల మీద బలవంతంగా పడుకోబెడితే, ఫొటో వచ్చేలోపు ప్రాణం పోవచ్చు.

బుట్టలో పిల్లి

పదకొండు కావస్తుండగా ఓ తల్లీకూతురూ ఆటో దిగారు. పాప చేతిలో కూరగాయల ప్లాస్టిక్ బుట్ట. మీద చున్నీ కప్పి ఉంది. లోపల ఓ తెల్లపిల్లి. నోరు తెరిచి రొప్పుతోంది.

ఎవరూ పిలవకుండానే డాక్టరమ్మ లేచొచ్చింది. వరసలో ఉన్నవాళ్లని ఆగమంది. బుట్టను బల్ల మీదికి తెచ్చి, పిల్లిని బయటికి తీయలేదు. చున్నీ ఒక పక్క మాత్రం తొలగించింది. ‘‘ఎవరూ మాట్లాడకండి. ఫ్యాన్ చప్పుడు కూడా వద్దు’’ అంది.

పిల్లులు జబ్బును దాచుకుంటాయి. అడవిలో బలహీనత బయటపెట్టుకున్న జంతువుని ఇంకో జంతువు వదిలిపెట్టదు కదా, ఆ పాత భయం ఇప్పటికీ పోలేదు. మంచం కిందో, బీరువా వెనకో ముడుచుకు కూర్చుంటాయి. గుండెజబ్బు ఉన్నా కుక్కలా దగ్గవు. మనకు కనపడేసరికే చివరిదాకా వచ్చేసి ఉంటుంది. అందుకే పిల్లిని పరీక్షించేటప్పుడు కాస్త చూడటం, కాస్త ఆగటం, మళ్లీ కాస్త చూడటం. మామూలప్పుడైతే ఇంకో చిక్కు... పిల్లి గుర్‌గుర్‌మంటుంటే ఛాతీలో చప్పుడు వినిపించదు. అప్పుడు పక్కనే నీళ్ల కుళాయి తిప్పితే ఆ చప్పుడుకి చాలా పిల్లులు ఠక్కున ఆపేస్తాయి. కానీ ఈ తెల్లపిల్లికి గుర్రుమనే ఓపిక ఎక్కడిది?

ఛాతీలో ఊపిరి వినిపిస్తోంది, రెండువైపులా. నీరు లేదు, పిల్లికూతల్లేవు. ముక్కు, గొంతు దగ్గరా చప్పుడు లేదు. మరి ఎందుకు రొప్పుతోంది?

డాక్టరమ్మ బొటనవేలితో పైపెదవిని మెల్లగా పైకెత్తింది. చిగురు గులాబీరంగులో ఉండాలి. వేలితో ఒత్తి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే రంగు తిరిగి రావాలి. నీలంగా ఉంటే ఆక్సిజన్ బాగా తగ్గిపోయిందని. అయితే నీలం కనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే, రక్తహీనత ఉంటే అసలు కనిపించకనేపోవచ్చు. ఈ పిల్లి చిగురు గులాబీ కాదు, నీలమూ కాదు. చాక్లెట్ కలిపిన మట్టిలా గోధుమరంగు. మొహం కూడా కాస్త ఉబ్బింది.

‘‘ఏమన్న గోలీ ఇచ్చిన్రా?’’

తల్లి మాట్లాడలేదు. పాప తల్లి మొహంలోకి చూసింది. ‘‘నిన్న తుమ్ముతుంటె అమ్మ జ్వరం గోలీ పావు ముక్క పాలల్ల కలిపింది...’’

అదే! జ్వరం గోలీ అంటే పారాసెటమాల్. ఇంటింటా ఉండేదే, పసిపిల్లలకూ ఇచ్చేదే. కానీ దాన్ని విరిచి విషం తీసేసే శక్తి పిల్లి కాలేయానికి చాలినంత లేదు. విషం రక్తంలో కలిసి, ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే పదార్థాన్నే మార్చేస్తుంది. రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది. ఊపిరితిత్తులు భేషుగ్గా ఉంటాయి, గాలి లోపలికి వెళ్తుంటుంది, మోసుకెళ్లే బండే ఉండదు. పెద్ద పిల్లికి కూడా ఒక్క గోలీ ప్రాణాంతకం. చిన్నదానికి పావు ముక్కే ఎక్కువ.

తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘‘పోరలకిచ్చేదే గద అనుకున్న...’’

‘‘అందరూ అట్లనే అనుకుంటరు అక్కా. దాచకుండ చెప్పిన్రు, అదే దాన్ని బతికిస్తది’’ అంటూనే డాక్టరమ్మ చీటీ రాసింది. మనుషులు పారాసెటమాల్ ఎక్కువ మింగినప్పుడు ఇచ్చే విరుగుడు అసిటైల్‌సిస్టీన్ పిల్లులకూ పనిచేస్తుంది. ఎదురు మందుల షాపుకి మనవణ్నే పరుగెత్తించారు. మొదటి మోతాదు అక్కడే పడింది. ఆక్సిజన్ పెట్టి, రక్తం చూస్తూ ఒకట్రెండు రోజులు ఉంచుకోగల చోటు కావాలి. నారాయణఖేడ్‌కి సరిహద్దు దాటితే బీదర్. అక్కడ పశువైద్య కళాశాల ఉంది. డాక్టరమ్మ ముందే ఫోన్ చేసి చెప్పింది. బుట్టలోంచి తీయొద్దు, ఒళ్లో పెట్టుకుని ముద్దు చేయొద్దు, చున్నీ కప్పే ఉంచండి, గాలి తగలనివ్వండి, దారిలో పాలు, నీళ్లు నోట్లో పోయొద్దు... చెప్పాల్సినవన్నీ రెండు నిమిషాల్లో చెప్పి కారెక్కించింది.

కారు వెళ్లిపోయాక కాసేపు అక్కడెవరూ మాట్లాడలేదు. బర్రె యజమాని మాత్రం నెమ్మదిగా అన్నాడు... ‘‘మా ఇంట్ల గుడ పిల్లున్నది. మంచిగ చెప్పిన్రు.’’

ఆయాసమంతా ఊపిరితిత్తులది కాదు

ఆ ఒక్క ఉదయం వచ్చిన మూడు కేసుల్లోనూ ఊపిరే సమస్య. కానీ ఒక్కదానిలోనూ జబ్బు ఊపిరితిత్తుల్లో లేదు. ఒకటి గాలిగొట్టంలో, ఒకటి ముక్కులో, ఒకటి రక్తంలో! ముసలి పొమేరనియన్ రాత్రిళ్లు దగ్గుతుంటే గుండె కవాటం లీకవుతుండొచ్చు, లేదంటే గాలిగొట్టం చప్పబడి బాతు అరుపులా దగ్గుతుండొచ్చు. నొప్పి ఉన్నా ఊపిరి వేగం పెరుగుతుంది. జ్వరమొచ్చినా పెరుగుతుంది. పైనుంచి కిందపడ్డ పిల్లికి పొట్టనీ ఛాతీనీ వేరుచేసే పొర చిరిగి, పేగులు ఛాతీలోకి జారినా ఆయాసమే. అందుకే ‘ఆయాసానికి మందియ్యండి’ అంటే ఏ మంచి డాక్టరూ వెంటనే ఇవ్వరు. ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి, వినాలి, తట్టాలి. అన్నిటికన్నా ముందు ఇంట్లోవాళ్లని అడగాలి. ఆ పాప నోరు విప్పకపోయి ఉంటే చిగురు రంగు వెనకున్న కథ తేలడానికి ఎంతసేపు పట్టేదో!

ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి కూడా పెద్దగా ఏమీ లేవు. జంతువు బాగున్నప్పుడే నిద్రలో దాని ఊపిరి లెక్క రాసిపెట్టుకోండి. జబ్బు చేసినప్పుడు పోల్చుకోవడానికి అదే కొలబద్ద. దగ్గుని ఫోన్‌లో వీడియో తీయండి. ఆస్పత్రికొచ్చాక ఒక్కసారైనా దగ్గకుండా మొహం చూస్తూ కూర్చోవడం వాటికలవాటు! మనుషుల మందులు వేయొద్దు. దోమల చుట్ట, అగరొత్తుల పొగ, సిగరెట్ పొగ వాటి దగ్గర పెట్టొద్దు. నోట్లో ఏదో అడ్డం పడిందనిపించినా చెయ్యి పెట్టొద్దు. ఒకవేళ కరిచినా, గాయానికి చొంగ తగిలినా పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి అదేరోజు టీకాకు వెళ్లండి. పసుపు, కారం పూయడాలు వద్దేవద్దు.

వారం తిరిగాక...

రాజు దగ్గు తగ్గింది. తాత వద్దన్నా వినకుండా మళ్లీ మేకల వెంట చేలకు వెళ్తున్నాడు. మెడకు తాడు మాత్రం లేదు. బీదర్ వెళ్లిన తెల్లపిల్లి నాలుగోరోజు అదే ప్లాస్టిక్ బుట్టలో ఇంటికొచ్చింది. చిగురు మళ్లీ గులాబీరంగుకి తిరిగింది. ఆ ఇంట్లో ఇప్పుడు గోలీల డబ్బా బీరువా పైఅరలోకి చేరింది.

తాత మరోసారి దవాఖానాకొచ్చాడు. మందుకోసం కాదు, చెప్పి పోదామని. మనవడు చేతిలో చిన్న నోటుబుక్కు. అందులో వారంరోజుల లెక్కలు... 26, 24, 24, 22...

‘‘రాత్రి నన్ను గుడ నిద్రపోనిస్తలేడు డాక్టరమ్మా. బ్యాటరీ లైటు పట్టుకొని కుక్క పక్కన కూసుంటడు’’ అన్నాడు తాత మురిపెంగా.

డాక్టరమ్మ పేజీ తిప్పింది. రాజు లెక్కల కింద ఇంకో వరస ఉంది. 16, 17, 16.

‘‘ఇది ఎవరిదిరా?’’

వాడు సిగ్గుపడుతూ తాత తువ్వాలు వెనక దాక్కున్నాడు.

‘‘తాతది. మంచిగనే ఉన్నడు.’’